పిలిస్తే పలికేవాళ్ళ పేరు

మొన్న పులివెందులలో మా కాలేజీ కంప్యూటర్ గదిలో పని చేసుకుంటూ ఉండగా వెనక బెంచీలో ఎవరో చీనికాయ ఒలిచారు, బత్తాయిని మేము అలాగే అంటాం. గదిలో ఏమీ తినకూడదని గోడకు కాగితం అంటించింది నేనే. అయినా ఆ వాసన ముక్కుకు తగలగానే కోప్పడడానికి నోరు రాలేదు. చీని తొక్క గిల్లినప్పుడు చిమ్మే తుంపర, దానికి వేడెక్కిన కంప్యూటర్ల వాసన తోడైతే చాలు, నాకు దేవసహాయం సారు పక్కన వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది. ఆయన ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. నా పరిశోధనకు గైడు. సీజను ఉన్నన్నాళ్ళూ ఆయన సంచిలో చీనికాయలు ఉండాల్సిందే. కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని ఒలిచి తినేవారు. అందుకని ఆయన కీబోర్డులో కొన్ని మీటలు నొక్కితే లోపలికి పోయేవే కాని ఒక పట్టాన పైకి వచ్చేవి కావు. ఆ అతుక్కుపోయిన మీటల మీదే నేను రెఫరెన్సులు ఎక్కించడం నేర్చుకున్నాను.

రెఫరెన్సుల గొడవ తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్పాలి. పరిశోధన పుస్తకంలో మనం రాసే ప్రతి విషయమూ ఎక్కడి నుంచి తెచ్చామో చూపించాలి. పుస్తకం నుంచి తెస్తే ఆ పుస్తకం, మనిషి నోటి నుంచి వింటే ఆ మనిషి. ఆ వివరాలన్నీ ఒకచోట దాచిపెట్టి, అడిగిన పేజీలో అడిగినట్టు పెట్టి, చివర జాబితా కూడా పేర్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఒక్కొక్క ఆధారానికి ఒక్కొక్క ఎంట్రీ. ఎంట్రీలో ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అని గడులు. దాని గొప్పతనం ఏమిటంటే, ఒక ఎంట్రీలో ఒక అక్షరం సవరిస్తే పుస్తకం మొత్తంలో ఆ ఎంట్రీ వచ్చిన చోటల్లా అదే మారిపోతుంది. అప్పటి నా పరిశోధన ఇప్పుడు పుస్తకంగా రాబోతోంది. దాని కోసమే ఆ పాత ఎంట్రీలన్నీ తెరిచి దిద్దుతున్నాను. ఒక్కదాన్ని మాత్రం పోయిన వారం దాకా ముట్టుకోకుండా పక్కన పెట్టాను. దాని పేరు గడిలో దేవసహాయం సారు పేరు ఉండేది. ఆ ఎంట్రీలోని మాట ఆయనది కాదు. అది అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆయన ఎలాంటివారో చెప్పాలి.

మాది జమ్మలమడుగు. మా నాయన దస్తగిరి పరుపులు కుట్టేవాడు. మేము దూదేకులవాళ్ళం. సారు తాతముత్తాతలు దొరల మిషను కాలంలో క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు. నాలుగు తరాలుగా ఆ ఇంట్లో టీచర్లే. మా ఇద్దరికీ ఏ వర్గమూ లేదు, మా కోసం కత్తి పట్టేవాడూ లేడు, మమ్మల్ని చూసి కత్తి పట్టేవాడూ లేడు. ఫ్యాక్షన్ ఊళ్ళలో ఆడవాళ్ళు ఎలా బతికారన్నది నా విషయమని చెప్పినప్పుడు ఆయన చేతిలోని పెన్ను పక్కన పెట్టారు. పాత పగలున్నవాళ్ళు కండువాలు మార్చుకుని, ఒకప్పుడు బాంబులు విసురుకున్నవాళ్ళు ఒకే జీపులో ఓట్లు అడగడానికి పోతున్న రోజులవి. అంతా సద్దుమణిగిందని పేపర్లు రాసేవి. పల్లెల్లో మాత్రం పొద్దు గూకితే తలుపులు పడేవి.

"ఏం పాపా, వేరే సబ్జెక్టే దొరకల్యా నీకు? గండికోట మీద చేస్కోగూడదా? కోట నిన్నేం అనదు" అన్నారు.

"కోట మీద శానామంది రాసినారు సార్. ఈళ్ళ గురించి ఎవురూ రాయలే."

ఆయన సంచిలోంచి చీనికాయ తీసి ఒలిచి సగం నా చేతిలో పెట్టారు. "సరే. కానీ నేను చెప్పినట్ల చేయాల. నీకు కోపమొస్తాది. వచ్చినా చేయాల" అన్నారు. కోపం వస్తుందన్న మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

మొదటి పాఠం ఇప్పటికీ బాగా గుర్తు. కొత్త ఎంట్రీ తెరిచి కూర్చున్నాం. ఆయన ఒక్క వేలితో టైపు చేసేవారు. మౌసును చీనికాయ పట్టుకున్నట్టు గుప్పిట్లో పట్టుకునేవారు. మొదటి గడి మీద వేలు పెట్టి, "దీన్లో ఎవురిని పెడతావు?" అని అడిగారు.

"రాసినోళ్ళను సార్."

"రాసినోళ్ళు గాదు. పిలిస్తే పలికేవాళ్ళను. నేను పోయి, ఏం సామీ, ఈ మాట నీదేనా అని అడిగితే, అవును నాదే అని పలకాల. అట్లాంటోళ్ళ పేరే ఈ గడిలో ఉండాల."

"మరి చచ్చిపోయినోళ్ళు ఎట్ల పలుకుతారు సార్?"

"వాళ్ళ పుస్తకం పలుకుతాది. బీరువా తెరిచి చూడు పో."

నేను నిజంగానే లేచి వెళ్ళి బీరువా తెరిచాను. ఆయన వేళాకోళం ఏదో, నిజంగా చెప్పేది ఏదో పోల్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఆ సాఫ్ట్‌వేర్ మన పేర్లు తెలిసినవాళ్ళు చేసింది కాదు. పేరును రెండు ముక్కలు చేసి, చివరి ముక్కను ముందుకు లాగి, దాని ప్రకారం వరస పేర్చేది. నేను ఆ సంగతి తెలియక పల్లెల్లో నాతో మాట్లాడినవాళ్ళనూ, పేపర్లలో పేర్లు వచ్చినవాళ్ళనూ అందరినీ ఎక్కించి, జాబితా తీసి ఆయనకు ఇచ్చాను. చూస్తే రెడ్లంతా ఒకచోట చేరారు. ఈ వర్గం, ఆ వర్గం, కేసు పెట్టినవాడు, కేసులో ఉన్నవాడు, అందరూ రెడ్డి అన్న మాట కింద ఒకే వరసలో నిలబడ్డారు. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "చూడు పాపా, ఒకరి వీధిలో ఒకరు నడవనోళ్ళంతా ఈడ భుజాలు రాసుకోని కూచున్నారు. ఇంత రాజీ ఏ పెద్దమనిషీ చేయలేకపాయె" అన్నారు. తర్వాత ఆ గడి పక్కనే ఉన్న చిన్న గుర్తు నొక్కితే రెండు ముక్కలు కలిసి పేరంతా ఒకే గడి అవుతుందని మేమిద్దరం తడుముకుని తెలుసుకున్నాం. "ఎవురి పేరు వాళ్ళు చెప్పుకున్నట్టే రాయి. మనం ఇరగ్గొట్టేది ఏంది?" అని, నేను ఎక్కించిన వాటినన్నింటినీ మళ్ళీ మొదటి నుంచి దిద్దించారు.

ఇంకొకసారి వేరే పుస్తకంలో పేజీ అడుగున పేర్కొన్న పుస్తకాన్ని నేనే చదివినట్టుగా ఎక్కించాను. పరిశోధకులు చాలామంది చేసే పనే అది. సారు ఆ పుస్తకం తెమ్మన్నారు. దొరకలేదన్నాను. ఆయన ఆ ఎంట్రీని తీసేశారు. నా అధ్యాయంలో అది ఉన్న ప్రతిచోటా ఖాళీ. నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దాకా బస్సులో ఆయన్ని తిట్టుకుంటూనే పోయాను. మరుసటి వారం వెళ్ళినప్పుడు ఆయన ఏమీ జరగనట్టు, "చూడని పుస్తకం, వినని మాట మన పేజీలోకి రాగూడదు పాపా" అని చీనికాయ చేతిలో పెట్టారు. అది తింటూ కూడా నా కోపం పోలేదు.

ఓబులమ్మ నాకు దొరికింది ఆ తర్వాతే. మైలవరం డ్యాము కింద ఉండే ఒక పల్లెలో ఆమె కూలికి పోయి బతికేది. మొగుడు చనిపోయి ఏళ్ళయింది. అతను ఊరి నాయకుడి మనిషి. పెళ్ళాం, పిల్లవాడు, కొంచెం చేను. ఒకరోజు నాయకుడి ముందు నిలబడి, ఇక గొడవలకు రాను, నా చేను నేను చేసుకుంటానన్నాడట. కొన్నాళ్ళకు కాలువ గట్టు మీద శవమై దొరికాడు. కేసు ఎదుటి వర్గం మీద పెట్టారు. వాళ్ళే చంపారని ఓబులమ్మతో చెప్పించారు. తర్వాత పెద్దలు రాజీ చేసుకున్నారు, కేసు పోయింది. ఈ సంగతి ఆమె నాతో చెప్పినప్పుడు మేము ఆమె ఇంటి వెనక కట్టెల మోపు మీద కూర్చుని ఉన్నాం.

"సంపింది ఎదురోళ్ళు గాదు పాపా, మనోళ్ళే. ఆయప్పకు అన్నం పెట్టినోళ్ళే" అంది.

"ఇన్నాళ్ళూ ఎవురికీ చెప్పలేదా?"

"నన్ను ఎవురడిగినారు? పోలీసోళ్ళు చెప్పిచ్చినారు, మా పెద్దోళ్ళు చెప్పిచ్చినారు. అందరూ చెప్పిచ్చినోళ్ళే గాని అడిగినోళ్ళు లేరు. నువ్వు అడిగినావు, చెప్తాండా. రాసుకో. నా పేరు కూడా రాసుకో."

రాసుకున్నాను. ఎంట్రీ చేశాను. ఓబులమ్మ అన్న పేరు ఒకే గడిలో కుదురుగా కూర్చుంది. నా అధ్యాయమంతా ఆ మాట చుట్టూ అల్లాను. మొగుడి చావును కూడా తన నోటితో చెప్పుకోలేని ఆడమనిషి గురించి నేను రాయాలనుకున్నదంతా ఆమె ఒక్కతే చెప్పేసింది. సారు చదివి, రెండు రోజులు ఏమీ అనలేదు. అదే ఆయన మెచ్చుకోలు.

ఎన్నికలు దగ్గరపడుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం ఓబులమ్మ ప్రొద్దుటూరు కాలేజీకి వెతుక్కుంటూ వచ్చింది. బస్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చినట్టుంది, కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉంది. సారు లేచి తన కుర్చీ ఇచ్చారు. ఆమె కూర్చోలేదు.

"పాపా, ఈ డబ్బాలో నేను యాడుండా?" అని అడిగింది.

చూపించాను. ఆమెకు చదువు రాదు. పేరు ఉన్నచోట వేలితో తాకి, "ఇదేనా నేను?" అంది.

"ఇదే."

"తీసెయ్యి. మా పిల్లోణ్ణి మా పెద్దోళ్ళే జీపు మీద పెట్టుకున్నారు. వాళ్ళ జీపే తోల్తాండాడు. పొద్దున పోతే రాత్రికి వస్తాడు. ఈ మాట వాళ్ళ చెవిన పడితే వాడు రాడు."

"మాట కూడా తీసేయాల్నా?"

"మాట ఉండనీ. మాట కూడా తీసేస్తే ఆయప్ప మళ్ళా సచ్చినట్టే గదా. పేరు తీసెయ్యి, సాలు" అంది. మంచినీళ్ళు తాగి, నాలుగు గంటల బస్సుకు పోతానని వెళ్ళిపోయింది.

పేరు తీసేశాను. ఆ గడి ఖాళీ అయింది. ఆ ఖాళీ గడి చూస్తూ కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. ఎవరో ఒకామె అని రాస్తే యూనివర్సిటీ ఒప్పుకోదు. ఒప్పుకున్నా సారు ఒప్పుకోరు. ఎవరు చెప్పారో తెలియని మాట ఎవరైనా పుట్టించవచ్చు, మా ప్రాంతంలో అలా పుట్టిన మాటలకే సగం తలలు తెగాయని ఆయన అనేవారు. నాకు ఒక ఉపాయం తోచింది.

"ఏదో ఒక పేరు పెడదాం సార్. సుబ్బమ్మ అని పెడదాం."

ఆయనకు అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు. "ఆ చుట్టుపక్కల సుబ్బమ్మలు లేరనుకున్నావా? అట్ల మొగుణ్ణి పోగొట్టుకున్న సుబ్బమ్మే ఉండొచ్చు. వాళ్ళు పోయి ఆయమ్మ మీద పడితే ఎవురు జవాబు? నువ్వా, నేనా?" అన్నారు. ఆయన కంప్యూటర్ ఆపి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. ఆ పూట చీనికాయ ఒలవలేదు.

కొన్నాళ్ళు ఆ అధ్యాయం మాట మా మధ్య రాలేదు. పారేయాల్సిందేనని నేను మనసులో అనేసుకున్నాను. ఒకరోజు ఆయనే అడిగారు, "పాపా, మీ నాయన అంగడి యాడ?" అని. "దూది ఏకే మిషను శానా సద్దు చేస్తాదా?" అని కూడా అడిగారు. చేస్తుందన్నాను. "అయితే ఓబులమ్మను సంత రోజు పరుపు కుట్టిచ్చుకోను రమ్మను" అన్నారు.

జమ్మలమడుగు సంత రోజున మా అంగడికి పాత పరుపులు మోసుకుని రానివాళ్ళు లేరు. ఓబులమ్మ కూడా ఒక చిరిగిన పరుపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. మా నాయనకు సంగతి చెప్పాను. ఆయన ఏమీ అడగకుండా ఆమె పరుపు విప్పి, దూది మిషనులో వేసి, స్విచ్చి నొక్కాడు. ఆ మోతలో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. దూది లేచి గదంతా కమ్ముకుంది. వెనక గోడ దగ్గర ఓబులమ్మ, సారు ఎదురెదురుగా కూర్చున్నారు. ఆయన చెవి ఆమె నోటి దగ్గర పెట్టారు. ఆమె నాకు చెప్పిందంతా ఆయనకు మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నాకు పెదవులు కదలడమే కనిపిస్తోంది. మధ్యలో ఆయన ఏదో అడుగుతున్నారు, ఆమె తల ఊపుతోంది, చేతితో ఎత్తు చూపిస్తోంది, పిల్లవాడు అప్పుడు ఎంత ఉండేవాడో చెబుతోందని అర్థమైంది. మా నాయన దూది అయిపోయినా మిషను ఆపలేదు. వాళ్ళిద్దరూ లేచి నిలబడేదాకా అది ఊరికే తిరుగుతూనే ఉంది. పరుపు కుట్టి ఇచ్చి, ఆమెను సాగనంపాక, సారు తల మీద దూది దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"ఇప్పుడు నేను విన్నా. నా పేరు పెట్టు" అన్నారు.

నాకు వెంటనే అర్థం కాలేదు. "మాట మీది కాదు గదా సార్" అన్నాను.

"విన్నది నేనే గదా. ఎవురన్నా వచ్చి అడిగితే పలికేది నేను. ఊరి పేరు గూడా తీసేసి జమ్మలమడుగు అని పెట్టు. విన్నది ఈడే."

మరునాడు ప్రొద్దుటూరులో ఆయన ముందే ఆ ఖాళీ గడిలో ఆయన పేరు కొట్టాను. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవన్నీ ఆయన దగ్గరుండి చూసుకున్నారు. అబద్ధం ఒక్క గడిలోనూ లేకుండా చూసుకున్నారు. మీట నొక్కగానే అధ్యాయంలో ఓబులమ్మ పేరు ఉండిన చోటల్లా దేవసహాయం వచ్చింది. నేను ఆయన ముఖం వైపు చూశాను. ఆయన మాత్రం అక్షరాలు సరిగ్గా పడ్డాయా లేదా అని కళ్ళద్దాలు పైకెత్తి చూసుకున్నారు.

ఆ అధ్యాయాన్ని కడపలో ఒక సదస్సులో చదివాను. కాగితాలు పంచారు. అవి చేతులు మారి ఎక్కడికి పోకూడదో అక్కడికే, ఆ ఊరి నాయకుడి ఇంటికే, పోయాయి. ఒక ఆదివారం చర్చి అయ్యాక దిద్దిన కాగితాలు తీసుకుందామని నేను సారు ఇంటికి పోయాను. వరండాలో ముగ్గురు మనుషులు కూర్చుని ఉన్నారు. తెల్లబట్టలు, మర్యాదైన మాటలు. సారు చర్చి బట్టల్లోనే ఉన్నారు. నన్ను చూసి, లోపలికి పొమ్మని కూడా అనలేదు, పక్కన కుర్చీ చూపించారు. నేను దాని అంచున కూర్చున్నాను.

వాళ్ళలో పెద్దవాడు నా అధ్యాయం కాగితాలు చేతిలో పట్టుకుని ఉన్నాడు. "సార్, అన్న పంపిచ్చినాడు. ఈ మాట ఎవురు చెప్పినారో తెలుసుకోని రమ్మన్నాడు" అన్నాడు.

"కింద పేరుంటాది. చదువప్పా."

అతను వేలితో వెతికి చదివాడు. "దేవసహాయం, జమ్మలమడుగు అని ఉండాది."

"అది నేనే. అడుగు, ఏం కావాల?"

"మీకెట్ల తెలుస్తాది సార్? ఎవురో ఆడమనిషి చెప్పింటాది."

"పేరు నాది గదా. ఆ పేరుతో పిలిచినావు, నేను పలికినా. ఇంకొకరిని పిలిచేది ఏముంది?"

"అట్ల మొగుణ్ణి పోగొట్టుకున్నోళ్ళు ఆడ శానామంది ఉండారు సార్. మేము ఒక్కొక్కరినీ అడగాల్సి వస్తాది."

సారు టేబులు మీద ఉన్న చీనికాయల్లో ఒకదాన్ని తీసుకుని ఒలవడం మొదలుపెట్టారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఆయన బొటనవేలు తొక్కలోకి దిగక రెండుసార్లు జారడం చూశాను. "అప్పా, మీరు చదువుకున్నట్టుండారు. మీ అన్నకు చెప్పు. ఆ మాట తప్పని ఆయన అనుకుంటే దేవసహాయం మీద కేసు పెట్టమను. నేను కోర్టుకొచ్చి పలుకుతా. ఆడోళ్ళను అడిగేదేముంది, వాళ్ళు యాడా పలకలేదే" అన్నారు. ఒలిచిన కాయ మూడు ముక్కలు చేసి ముగ్గురికీ ఇచ్చారు. కేసు అన్న మాట వాళ్ళకు నచ్చలేదు. కేసంటే కాలువ గట్టు సంగతి మళ్ళీ అందరి నోళ్ళలో పడుతుంది, అదీ ఎన్నికల ముందు. పెద్దవాడు ఆ ముక్క తినకుండా చేతిలోనే పట్టుకుని లేచాడు.

ఓబులమ్మ జోలికి ఎవరూ పోలేదు. ఏ విధవ ఇంటికీ ఎవరూ పోలేదు. ఆ నెలలోనే సారు స్కూటరు చర్చి ముందు తగలబడింది. ఎవరు చేశారో చూసినవాళ్ళు లేరు. అందరూ లోపల ప్రార్థనలో ఉన్నారు. ప్రిన్సిపాలు కావలసిన ఆయన ఆ ఏడాది కాలేదు, ఎందుకు కాలేదో ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. నేను ఆ అధ్యాయం తీసేస్తానని ఏడ్చాను. మాది చిన్న అంగడి, మా నాయనకు ఏదైనా అవుతుందేమోనన్న భయం కూడా నాకు ఉంది. సారు అప్పటికి కాలేజీకి నడిచి వస్తున్నారు. చెమట తుడుచుకుంటూ, "నాకూ భయమే పాపా. రాత్రి నిద్ర పట్టల్యా. అయినా పేరు పెట్టినాక పలకకుంటే ఎట్ల?" అన్నారు. అంతకన్నా పెద్ద మాట ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మళ్ళీ స్కూటరు కొనలేదు.

నాకు డాక్టరేటు వచ్చింది. పులివెందులలో ఉద్యోగం వచ్చింది. సారు రిటైరయ్యారు, షుగరు ముదిరింది, చీనికాయలు మానేయమన్నారని ఫోనులో డాక్టర్లను తిట్టేవారు. తర్వాత ఒక వానాకాలం పోయారు. ప్రొద్దుటూరు చర్చి శ్మశానంలో మన్ను చేస్తున్నప్పుడు గేటు దగ్గర ఆడవాళ్ళలో ఓబులమ్మ కనిపించింది. నన్ను చూసి పలకరించలేదు, నేనూ పోలేదు. ఎవరో తెలియని మనిషిలా ఒక గుప్పెడు మన్ను వేసి వెళ్ళిపోయింది. ఆయన లేరన్న సంగతిని ఆమె మనసులో ఎన్నాళ్ళు మోస్తుందో ఆ రోజు నాకు తెలియదు.

పోయిన వారం మా కాలేజీ గేటు దగ్గర ఎవరో ముసలామె నా కోసం కూర్చుందని వాచ్‌మెన్ చెప్పాడు. ఓబులమ్మే. నడుము వంగిపోయింది. కొడుకుకు తుమ్మలపల్లె గనిలో పని దొరికిందని, జీపు మానేసి చాలా రోజులైందని, తను ఇప్పుడు వాడి దగ్గరే ఉంటున్నానని చెప్పింది. కంప్యూటర్ గదిలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టాను. ఈసారి కూర్చుంది.

"నువ్వు పుస్తకం అచ్చు వేస్తాండావంట. మా పిల్లోడు చెప్పినాడు."

"అవునమ్మా."

"దాన్లో నా మాట ఉండాదా?"

"ఉంది. సారు పేరుతో ఉంది."

"సారు పోయినాడు గదా పాపా. ఇప్పుడు ఎవురన్నా వచ్చి అడిగితే ఎవురు పలుకుతారు?"

ఆ మాట నాకు సారు చెప్పారే గాని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఆ మిషను మోతలో, చెవి దగ్గర నోరు పెట్టుకుని వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను ఏనాడూ అడగలేదు.

"నా పేరు రాయి. నేను పలుకుతా" అంది.

"భయం పోయిందా?"

"యాడ పోతాది? ముసిల్దాన్నయితి గాని, భయం ముసిల్ది కాలేదు. అయినా రాయి."

పక్కన పెట్టిన ఆ ఎంట్రీ తెరిచాను. సారు పేరును పూర్తిగా తీసేయడానికి నాకు చేతులు రాలేదు. పేరు గడిలోంచి తీసి, కింద వివరాల గడిలో, విన్నవారు దేవసహాయం అని పెట్టాను. అది నిజమే కదా, ఆయన ఒప్పుకునేవారు. పేరు గడిలో ఓబులమ్మ అని కొట్టాను. పేరంతా ఒకే గడిలో, ఆమె చెప్పుకున్నట్టే. మీట నొక్కితే పుస్తకమంతా మారిపోతుంది. నొక్కే ముందు ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. తనకు చదువు రాదు కాబట్టి, నేను సరిగ్గా రాశానో లేదో ఎట్లా తెలుస్తుందని అడిగింది. వెనక బెంచీల్లో పిల్లలంతా మా వైపే చూస్తున్నారు. నేను తెర మీద ఉన్నది ఉన్నట్టు పైకి చదివాను.

"ఓబులమ్మ."

"ఆఁ" అని పలికింది.

అప్పుడు నొక్కాను. ఇప్పుడు మా పిల్లలకు రెఫరెన్సులు నేర్పేటప్పుడు ప్రతి పేరునూ ఒకసారి పైకి చదివిస్తున్నాను. ఎందుకు మేడమ్ అని నవ్వుతారు, తొందరగా అయిపోయే పనికి ఇంత ఆలస్యమెందుకని విసుక్కుంటారు. నేను విసుక్కోనిస్తాను. వాళ్ళు చదివేటప్పుడు ఒక్క క్షణం ఆగి, ఎవరైనా పలుకుతారేమోనని వింటాను.